తోడుకోని నాలుగో గొట్టం

ఆరుగురు మనుషులు, ఒకే రోజు, ఒకే గదిలో వణికిపోయారు. కిందటి వారం కథ అక్కడే మొదలైంది. మలయ్ దేశంలో, బంటింగ్ అనే ఊళ్లోని డయాలిసిస్ సెంటర్లో సెలైన్ ఎక్కిన గంటలోపే వాళ్ల పళ్లు టకటకా కొట్టుకున్నాయి, ఒళ్లు కాలిపోయింది. ఐదుగురు తేరుకున్నారు. ఆరో మనిషి పాపమ్మ, పామాయిల్ తోటలో నలభై ఏళ్లు గెలలు మోసిన మనిషి, క్లాంగ్ ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆ సెలైన్ సీసాలు తయారు చేసిన ఫ్యాక్టరీ ల్యాబులోనే విజయరాణి పని చేస్తోంది. అదే బ్యాచ్‌లోంచి నమూనాగా దాచి ఉంచిన సీసాను ఆమె పరీక్షించింది. విషం ఉన్నట్టు తేలింది. ఆ కాగితాన్ని క్వాలిటీ హెడ్ డాక్టర్ భుజంగరావు ఎంగిలి విస్తరాకు పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తి, బల్ల మీద జారవిడిచాడు. "సోమవారం పొద్దున అందరి ముందూ మళ్లీ చెయ్యి. నీ చేతి శుభ్రం ఎంతో అందరం చూద్దాం" అన్నాడు.

ఆ సోమవారం వచ్చింది.

తొమ్మిదింటికే ల్యాబులో నలుగురు చేరారు. ఫ్యాక్టరీ జనరల్ మేనేజర్ నొరైనీ, అందరూ పువాన్, అంటే మేడమ్, అని పిలిచే మనిషి, తలకు కట్టుకున్న తుడుంగ్ ముసుగు మీదుగానే కాగితం టోపీ పెట్టుకుని, ఇక్కడ తనకేం పని అన్నట్టు గోడ పక్కన నిలబడింది. హైదరాబాదు నుంచి రెండేళ్ల కిందట ఉద్యోగానికొచ్చిన రుచిత ఫ్రిజ్ దగ్గర నిలబడింది. భుజంగరావు మాత్రం ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

విజయరాణి చేతులు కడుక్కుని తొడుగులు వేసుకుంది. ఆమెకు నలభై ఆరేళ్లు. పంతొమ్మిదో ఏట ఇదే ఫ్యాక్టరీలో గాజు సామాను కడగడానికి చేరింది. తొమ్మిదేళ్లు కడిగింది. ఏ గొట్టం ఎంతసేపు రెండువందల యాభై డిగ్రీల వేడిలో కాలితే నిజంగా శుభ్రపడుతుందో ఆమె చేతులకు తెలుసు. ఆ తర్వాత ఓ చైనా సూపర్‌వైజర్ పక్కన కూర్చోబెట్టుకుని ఈ పరీక్ష నేర్పాడు. పద్దెనిమిదేళ్లుగా ఆ పనే. ఆమె తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన రబ్బరు తోట కూలీ. ఆ తాత మాట్లాడిన తెలుగే ఇంకా ఆమె నోట్లో ఉంది, మాట చివర మలయ్ వాళ్ల 'లా' ఒక్కటే కొత్తగా చేరింది.

మూడేళ్ల కిందట భుజంగరావు హైదరాబాదు నుంచి వచ్చి ఈ కంపెనీలో చేరిన మొదటి రోజు ఆ తెలుగు విని నవ్వాడు. "ఇది తెలుగా? మ్యూజియంలో పెట్టాలి నిన్ను" అన్నాడు. అప్పటి నుంచి నలుగురిలో ఆమెతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడాడు. తిట్టాలనుకున్నప్పుడు మాత్రం తెలుగు గుర్తొచ్చేది. పక్కనున్న మలయ్ వాళ్లకీ చైనా వాళ్లకీ అర్థం కాదు గదా! తనకంటే ఐదేళ్లు పెద్దదాన్ని 'నువ్వు' అనడానికి అదొక వీలు.

"మేడమ్‌కి చెప్పు, ఏం చేస్తున్నావో" అన్నాడు ఇంగ్లిష్‌లో, కాలు మీద కాలు వేసుకుని.

విజయరాణి నొరైనీ వైపు తిరిగి మలయ్‌లో చెప్పింది. ఆమె మలయ్‌లో తడబాటు ఉండదు.

"పువాన్, సీసాను ఉడికిస్తే అందులోని సూక్ష్మజీవులు చస్తాయి. కానీ చచ్చిన వాటి ఒంటి పైపొరలో ఉన్న విషం అంత తేలిగ్గా చావదు. మామూలుగా మరగబెడితే పోదు, కంటికి కనబడదు, వాసన ఉండదు. అది నేరుగా రక్తంలోకి వెళితే మనిషి వణికిపోతాడు. దాన్ని పట్టుకోవడానికి ఈ పొడి వాడతాం. మన తీరంలో బురదలో తిరిగే బెలాంకాస్ తెలుసు కదా, డొప్పలాంటి పెంకు, పొడుగాటి తోక. అలాంటి జంతువు నీలి రక్తంలోంచి తీస్తారు దీన్ని. విషం తగిలితే ఇది పెరుగులా తోడుకుంటుంది. లేకపోతే నీళ్లలా ఉంటుంది. అంతే."

నొరైనీ మొహంలో మొదటిసారి కొంచెం ఆసక్తి కనబడింది.

రుచిత ఫ్రిజ్‌లోంచి పొడి పెట్టె తీసి ఇచ్చింది. ఇచ్చేటప్పుడు విజయరాణి మొహంలోకి చూడలేదు.

విజయరాణి నాలుగు చిన్న గొట్టాలు వరసగా నిలబెట్టింది. మొదటి దాంట్లో స్వచ్ఛమైన నీళ్లు. రెండో దాంట్లో ఆ బ్యాచ్ సెలైన్. మూడో దాంట్లో అదే సెలైన్, దానికి కొలిచి కలిపిన విషం. నాలుగో దాంట్లో స్వచ్ఛమైన నీళ్లు, వాటికీ కొలిచి కలిపిన విషం. అన్నిటికీ పొడి కరిగించిన మందు సమానంగా పోసి, ముప్పై ఏడు డిగ్రీల వేడిలో నిలబెట్టి, గడియారం చూసింది. సరిగ్గా గంట. ఈలోగా ఎవరూ వాటిని కదపకూడదు.

ఆ గంటసేపూ భుజంగరావు నోరు కదులుతూనే ఉంది. తాను చదివిన విశ్వవిద్యాలయం గురించి చెప్పాడు. తాను చూసిన తనిఖీల గురించి చెప్పాడు. చదువులేని టెక్నీషియన్లు చెమట చేతులతో గొట్టాలు పట్టుకుని, లేని విషాన్ని ఎలా పుట్టిస్తారో నొరైనీకి మూడు ఉదాహరణలతో చెప్పాడు. బుధవారం విదేశీ కొనుగోలుదారుల తనిఖీ ఉందని మూడుసార్లు గుర్తు చేశాడు. విజయరాణి నిలబడే ఉంది. ఒక్కసారి కూడా అతని వైపు చూడలేదు. వినబడని మనిషిలా గడియారాన్నే చూసింది.

గంటయింది.

ఆమె మొదటి గొట్టాన్ని తీసి నెమ్మదిగా తలకిందులు చేసింది. ద్రవం గోడ వెంట జారి కిందికి వచ్చింది. స్వచ్ఛమైన నీళ్లు. జారాల్సిందే.

రెండో గొట్టం. ఆ బ్యాచ్ సెలైన్. అదీ జారింది.

భుజంగరావు చప్పట్లు కొట్టాడు. "అదీ సంగతి! మేడమ్, బ్యాచ్ శుభ్రంగా ఉంది. మీ టైము వృథా అయినందుకు నేను క్షమాపణ చెబుతున్నా." పరీక్ష ఫలితం కాగితం ముందుకు లాక్కుని, జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పాడు.

"ఇంకా రెండున్నాయి సార్" అంది విజయరాణి.

"అక్కర్లేదు. ఏది చూడాలో అది చూశాం."

ఆమె వినలేదు. మూడో గొట్టం తిప్పింది. జారింది. నాలుగోది తిప్పింది. అదీ నీళ్లలాగే జారింది.

ఆమె ఆ నాలుగో గొట్టాన్ని అలాగే తలకిందులుగా పట్టుకుని అతని మొహం ముందు పెట్టింది.

"ఇదేటి సార్?"

"ఏముంది, నీళ్లు."

"నీళ్లే. నా సేత్తో విషం కలిపిన నీళ్లు. మీ కళ్ల ముందే కలిపినాను. ఇది తోడుకోవాల. తోడుకోనేదు. విషం ఉన్నదని తెలిసిన గొట్టాన్నే పట్టుకోలేని మందు, సీసాలో ఉన్నదాన్ని ఎలాగ పట్టుకుంటాది?"

భుజంగరావు పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ కాగితం మీదికి వంగింది.

ఆ ఒక్క క్షణంలో విజయరాణికి అంతా తెలిసిపోయింది. నాలుగో గొట్టం జారితే పరీక్షే చెల్లదన్న సంగతి అతనికి తెలియక కాదు. ఈ పరీక్ష గురించి అతను కాలేజీల్లో ఉపన్యాసాలిచ్చాడు. తెలిసే సంతకం పెడుతున్నాడు. ఇన్నాళ్లూ అతని పొగరు మీద ఆమెకు కోపం ఉండేది, కొంచెం భయమూ ఉండేది. ఆ క్షణాన రెండూ పోయాయి. కాలి కింద ఏదో మెత్తగా తగిలితే కలిగే జుగుప్స మాత్రం మిగిలింది.

"ఏమైంది?" అని నొరైనీ మలయ్‌లో అడిగింది. ఆమెకు గొడవ తెలుస్తోంది, తెలుగు తెలియడం లేదు.

భుజంగరావు ఆమెకు చిరునవ్వు చూపించి, అదే చిరునవ్వుతో విజయరాణితో తెలుగులో అన్నాడు. "చూడు, సీసాలు కడుక్కునే దానివి సీసాలు కడుక్కో. ఎవరో తోటల్లో పడి పనిచేసిన ముసలీ ముతకా నలుగురు వణికితే ప్రపంచం మునిగిపోదు. వాళ్లకి చలి పుట్టడానికి విషం కావాలా? ఏసీ చాలు. ఇవాళ కాకపోతే రేపు పోయే ప్రాణాలు. వాళ్ల కోసం బుధవారం తనిఖీ ఆపుకుంటామా? ఈ మేడమ్ కూడా అంతే, కుర్చీ ఇచ్చారని కూర్చుంది, గొట్టానికీ గరిటెకీ తేడా తెలీదు. నోరు మూసుకుని సంతకం పెట్టు."

రుచిత తల దించుకుంది. ఈ దేశానికి వచ్చాక తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చేది ఆ అమ్మాయికి. ఇవాళ తెలుగు అర్థమవుతున్నందుకు సిగ్గేసింది.

విజయరాణి గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టింది.

"మళ్లా సెప్పండి సార్. మెల్లగా సెప్పండి. ఒక్క ముక్క పోకుండా ఇనాల."

"ఎందుకు?"

"పువాన్‌కి సెప్పాల లా."

అతని నవ్వు ఆగింది. విజయరాణి నొరైనీ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పరీక్ష ఫలితం చదివినట్టు మలయ్‌లో ఒక్కొక్క వాక్యమూ అప్పజెప్పింది. తోటల్లో పనిచేసిన ముసలివాళ్లు. వాళ్లకి ఏసీ చాలు. ఇవాళ కాకపోతే రేపు పోయే ప్రాణాలు. చివరి వాక్యం దగ్గర ఒక్కసారి ఆగి, అదీ చెప్పింది. కుర్చీ, గొట్టం, గరిటె.

నొరైనీ గోడ దగ్గర్నుంచి కదిలి భుజంగరావు వైపు తిరిగింది.

"ఆమె అబద్ధం చెబుతోంది" అన్నాడు భుజంగరావు ఇంగ్లిష్‌లో. "ఆమెకు వచ్చింది సరైన తెలుగు కాదు. నేనన్నది ఆమెకు అర్థం కాలేదు."

నొరైనీ రుచిత వైపు చూసింది. "నువ్వు ఆయన ఊరి దానివేగా? నీకు అర్థమైంది కదా?"

రుచిత భుజంగరావు వైపు ఒకసారి చూసింది. తర్వాత తల ఊపింది. ఔనన్నట్టు.

"ఇంకో పెట్టె ఉందా, ఆ పొడిది?" అని నొరైనీ విజయరాణిని అడిగింది.

"మైక్రోబయాలజీ గది ఫ్రిజ్‌లో ఉంది. సప్లయర్ దగ్గర్నుంచి వచ్చినప్పటి సీలు ఇంకా తియ్యలేదు."

"నేనే తెస్తాను."

భుజంగరావు లేచాడు. ఇది పద్ధతి కాదన్నాడు. తన అనుమతి లేకుండా రెండో పరీక్ష చేస్తే ఆ ఫలితం చెల్లదన్నాడు. నొరైనీ వెళ్లి పెట్టె తెచ్చి, సీలు తానే చింపి, విజయరాణి చేతిలో పెట్టింది. భుజంగరావు వైపు చూడకుండానే, "మీరు కూర్చోండి డాక్టర్" అంది. అతను కూర్చోలేదు. నిలబడడానికీ అతనికి చోటు దొరకలేదు.

మళ్లీ నాలుగు గొట్టాలు. మళ్లీ గంట.

ఈ గంటలో అతని నోరు కదలలేదు. ఫోను తీశాడు, పెట్టేశాడు. నుదురు తుడుచుకున్నాడు. ఉపన్యాసాల మనిషి పదిహేను నిమిషాల్లో ఇంత చిన్నగా అయిపోతాడని విజయరాణి అనుకోలేదు. జాలి కలుగుతుందేమోనని తనలో తాను వెతుక్కుంది. దొరకలేదు.

పన్నెండు దాటింది. గొట్టాలు తిప్పడానికి నొరైనీయే ముందుకొచ్చింది. "ఎలా పట్టుకోవాలో చూపించు. గొట్టానికీ గరిటెకీ తేడా నేర్చుకుంటాను."

మొదటిది, స్వచ్ఛమైన నీళ్లు. జారింది. నాలుగోది, విషం కలిపిన నీళ్లు. తిప్పితే అడుగున ముద్దలా అంటుకుపోయి కదల్లేదు. మూడోదీ కదల్లేదు.

ఇక రెండోది మిగిలింది. ఎవరూ ఏమీ కలపని సెలైన్, పాపమ్మ ఒంట్లోకి వెళ్లిన ఆ బ్యాచ్ సెలైన్. నొరైనీ దాన్ని నెమ్మదిగా తలకిందులు చేసింది.

అది తోడుకుంది. గట్టిగా, గిన్నె బోర్లించినా జారని పెరుగులాగ.

నొరైనీ ఆ గొట్టాన్ని వెలుతురు వైపు ఎత్తింది. అటూ ఇటూ వంచి చూసింది, లోపలి ముద్ద కదల్లేదు.

"మొదటి పెట్టెకి ఏమైంది?" అంది.

జవాబు రుచిత నుంచి వచ్చింది. తెలుగులో మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చింది. "శనివారం సార్ ఆ పెట్టె అడిగి తీసుకున్నారు. ఇవాళ పొద్దున ఆరున్నరకి గాజు సామాను ఆరబెట్టే ఓవెన్‌లోంచి తీసి నా చేతికిచ్చారు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టమన్నారు. చెయ్యి కాలేంత వేడిగా ఉంది, మేడమ్. ఆ వేడికి మందు చచ్చిపోతుంది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నా వర్క్ పాస్ కాగితాల మీద సంతకం సార్‌దే." ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆయన పంపించేస్తే వారంలో ఇంటికెళ్లిపోవాలి."

విజయరాణి ఆమెను ఓదార్చలేదు. పాపమ్మ ఊపిరి గొట్టం మీద ఉన్నప్పుడు ఈ అమ్మాయి కాగితాల గురించి ఆలోచించింది. అది మరిచిపోవడం ఇవాళ కుదరదు. ఆమె అన్నది ఒక్కటే మాట. "ఇప్పుడైనా సెప్పినావు. నిలబడు, ఏడవకు."

భుజంగరావు విజయరాణి పక్కకి వచ్చాడు. గొంతు బాగా తగ్గించాడు.

"విజయరాణిగారూ..."

మూడేళ్లలో ఆ 'గారు' ఇదే మొదటిసారి.

"మీరు కొంచెం అర్థం చేసుకోవాలి. నా మీద పైవాళ్ల ఒత్తిడి ఎంతుందో మీకు తెలీదు. పరాయి దేశంలో ఉన్నాం. మనం మనం తెలుగువాళ్లం. మీరు ఒక్క మాట చెబితే మేడమ్ ఆగుతుంది."

విజయరాణి తొడుగులు విప్పి చెత్తబుట్టలో వేసింది. అప్పుడు అతని వైపు తిరిగి, మూడేళ్లలో మొదటిసారి, తలనుంచి కాలిదాకా చూసింది.

"పరాయి దేశం మీకు సార్. నాను పుట్టింది ఈ ఊళ్లోనే. మా పాపమ్మత్త పుట్టిందీ ఈడే. ఆవిడికి ఉన్నదీ నా తెలుగే, మీరు మ్యూజియంలో పెట్టమన్న తెలుగు. ఆవిడ ప్రాణానికి ఏసీ చాలన్నప్పుడు మనం మనం కాలేదు. ఇప్పుడెలాగైపోనాం?"

"నేను అన్నది ఆ అర్థంలో..."

"మీ అర్థం నాకొద్దు. నాను తొమ్మిదేళ్లు గాజు కడిగినాను. ఎంత మురికి గొట్టమైనా కాలిస్తే శుభ్రమైపోద్ది. మనిషికి ఆ వీలు నేదు. జరగండి, దారికి అడ్డమున్నారు."

అతను జరిగాడు. నిజంగానే జరిగాడు, గోడకి ఆనుకుపోయేలా.

నొరైనీ అప్పటికే టేబుల్ మీది కాగితం తీసుకుని రాస్తోంది. బ్యాచ్ మొత్తం వెనక్కి రప్పించాలి. ఆరోగ్య శాఖకు ఇప్పుడే తెలియజెయ్యాలి. డాక్టర్ భుజంగరావు తన యాక్సెస్ కార్డు ఇచ్చి, ఆఫీసు గదిలోనే కూర్చోవాలి, ఎవరికీ ఫోను చెయ్యకూడదు. అతను మెడలోంచి కార్డు తీసి ఇస్తుంటే తాడు చెవికి చిక్కుకుంది. విడదీసుకోవడానికి ఎవరూ సాయం చెయ్యలేదు.

"స్టోరులో ఈ బ్యాచ్ ఎన్ని పెట్టెలు మిగిలున్నాయో కనుక్కో. తాళం వేయించు" అంది నొరైనీ.

విజయరాణి స్టోరుకి ఫోను చేసింది. స్టోరు చూసే కన్నబాబు ఎత్తాడు. వచ్చే ఏడు రిటైరవబోయే మనిషి, ఆమెతో ఇరవై ఏళ్ల పరిచయం.

"కన్నబాబన్నా, ఆ వణుకుల బ్యాచ్ పెట్టెలు ఎన్నున్నాయి? ఒక్కటీ కదలకూడదు."

అవతల ఏవో కాగితాలు తిప్పిన చప్పుడైంది.

"ఏటి రాణీ, ఇప్పుడడుగుతన్నావు? పొద్దున్న ఏడుకే లారీ ఎల్లిపోయినాది. అరవై పెట్టెలు. పరీక్ష పాసయిందని సారు సంతకం పెట్టిన కాగితం సూపించినారు."

"ఏడింటికా? పరీక్ష మొదలుపెట్టిందే తొమ్మిదిన్నరకి!"

"నాకేటి తెలుసు? కాగితం మీద సంతకం ఉన్నాది, స్టాంపు ఉన్నాది. తెలుక్ ఇంటాన్ డయాలిసిస్ సెంటర్‌కి. పదకొండుకల్లా దించేసినానని డ్రైవరు ఫోను సేసినాడు."

విజయరాణి గడియారం చూసింది. పన్నెండూ నలభై. ఎక్కడైనా మధ్యాహ్నం షిఫ్టు రోగులు మంచాల మీదికి చేరే వేళ అది. గోడ మీద అంటించిన కాగితంలో తెలుక్ ఇంటాన్ నంబరు వెతికి నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. రెండోసారి నొక్కింది. తొమ్మిదో మోతకి ఎవరో ఎత్తారు.

"సిస్టర్ ప్రేమిల మాట్లాడుతున్నాను" అని ఓ అలసిన గొంతు మలయ్‌లో పలికింది.

"సిస్టర్, బంటింగ్ ఫ్యాక్టరీ నుంచి. ఇవాళ వచ్చిన సెలైన్ వాడకండి. ఒక్క సీసా కూడా తెరవొద్దు. వింటున్నారా? ఒక్క సీసా కూడా!"

అవతల వెనకాల యంత్రాల బీప్ శబ్దాలు వినబడ్డాయి. ఎవరో తమిళంలో ఏదో అరిచారు. ప్రేమిల గొంతు ఫోనుకి దూరంగా వెళ్లి, మళ్లీ దగ్గరికొచ్చింది. ఈసారి ఆ గొంతులో అలసట లేదు.

"పదకొండు మందికి ఎక్కించి అరగంటయింది, మేడమ్. ఇందాకటి నుంచి రెండో మంచం మీది ఆవిడ దుప్పటి అడుగుతోంది... ఇప్పుడు మూడో మంచం మీదాయనా అడుగుతున్నాడు."